మెట్టు మీద సిమెంటు పూసే ముందు

బిడ్డా,

మొన్న మీ ఇంటికాడ రెండో మెట్టు మీద నా కాలు తడబడితే అందరు నా మోకాళ్లనే అన్నరు. మోకాళ్లు బాగనే ఉన్నయ్ గని మెట్టే బాగలేదు. అంచు రాలి కంకర తేలింది, పక్కన చువ్వ తుప్పువట్టి ఎర్రగ కనవడ్తున్నది. నువ్వేమో “ఆదివారం సెలవు కదా, అరసంచి సిమెంటు తెచ్చి పూస్త పెద్దనాయినా” అన్నవు. ఆ ఆదివారం రాకముందే ఈ కాయితం రాస్తున్న.

ముప్ఫై ఏండ్లు తాపీ పట్టినోణ్ని, నేనే నా సొంతింటి మెట్టు మీద తొందరపడి పల్చగ సిమెంటు పూసిన. ఒక్క వానకాలం నిలవలే, పెనం మీది అట్టు లెక్క లేచొచ్చింది. కింద దుమ్ము, వదులు పెచ్చులు అట్లనే ఉంటే పైపూత దేన్ని పట్టుకోవాలె?

ముందుగల్ల నీళ్లు ఎక్కడికెల్లి వస్తున్నయో చూడు. మీ డాబా మీది వాన నీళ్ల పైపు సరిగ్గ మెట్ల పక్కనే దిగుతది. దానికి తోడు మీ గల్లీల పాత రోడ్డు మీదనే సీసీ రోడ్డు పోసిరి, ఇప్పుడు వాకిలి కంటె రోడ్డే ఎత్తు. వాన పడితే నీళ్లన్నీ మెట్ల కిందికే. లోపల నింపిన మన్ను కుంగి డొల్లవడ్తది. సుత్తెతోని మెల్లగ కొట్టి చూడు: ఖంగుమంటే సరే, డబ్బుమంటే డొల్ల. గోడకు, మెట్లకు నడుమ పగులు ఉంటే దాని చివర పెన్సిల్‌తో గీత గీసి తారీఖు రాసిపెట్టు. ఒక నెల పోయినంక పగులు ఆ గీత దాటిందంటే ఇగ అతుకులు పనికిరావు. మొత్తం పగలగొట్టి, మన్నును దిమ్మిసతో గట్టిపరిచి, కొత్తగ పోసుకునుడే.

గీత దాటకపోతే అతుకు చాలు. కాకపోతే చువ్వ సంగతి మర్చిపోకు. ఇనుము తుప్పువడితే ఉబ్బుతది, మునుపటికి రెండింతలకు పైగనే జాగ కావాలంటది. పెచ్చులు లేపేది ఆ ఉబ్బే. అందుకే చువ్వ వెనక దాకా చెక్కి, ఇనుప బ్రష్షుతో మెరిసేదాక తోమి, తుప్పు పట్టకుండ పెయింటు కొట్టి, అప్పుడు నింపాలె. చెక్కిన అంచు అరంగుళం లోతుకు నిటారుగ ఉండాలె, పల్చగ జారనియ్యకు. పాతదాన్ని రాత్రంత తడిపి, సిమెంటు పాలు రాసి, అవి ఆరకముందే మాల్ పెట్టు.

ఆ మాల్‌ల బోరు నీళ్లు పొయ్యకు. బొల్లారం, ఖాజీపల్లి, గడ్డపోతారం చుట్టుపక్కల ఫ్యాక్టరీలతోని పాడైన నీళ్ల సంగతి నీకు నేను చెప్పాల్నా? పటాన్‌చెరు దిక్కు నీళ్ల కాలుష్యం కేసు 1990లోనే సుప్రీంకోర్టు దాకా పోయింది. ఇనుము ఉన్న కాంక్రీటుకు లీటరు నీళ్లల్ల క్లోరైడు 500 మిల్లీగ్రాములు దాటొద్దని మన ఐఎస్ 456 కోడ్ చెప్తది. ఉప్పు నీళ్లు పోసి చువ్వను కాపాడుతనంటే ఎట్ల? మిషన్ భగీరథ నల్లా నీళ్లు రెండు డ్రమ్ములు పట్టి పెట్టుకో. అయినంక గోనెసంచులు కప్పి తడుపు. పదిరోజులు తక్కువ కావద్దు. మన మేస్త్రీలు మూడు దినాలకే “అయిపోయింది సార్” అంటరు, నేను గూడ అన్నోణ్నే.

ఇంకొకటి. ఒక్క మెట్టే అంగుళం లేస్తే, చీకట్ల రెండో షిఫ్టు దిగొచ్చేటోనికి అదే గండం. మొదటి మూడు మెట్ల ఎత్తును కాలే లెక్కవెట్టుకుంటది, నాలుగోది మారితే పడతడు. టేపు పట్టి అన్నీ కొలువు. పైన నున్నటి గ్రానైట్ వేపిద్దామని నీకు మనసులున్నది గని, వానకు జారుతది. చీపురు గీతలు పెట్టిన గరుకు సిమెంటే మేలు. పండుగలప్పుడు ఆసిడ్ పోసి కడుగుడు గూడ బందువెట్టమని మీ అమ్మకు నువ్వే చెప్పు, అది సిమెంటును తింటది. నేను చెప్తే వినదు.

అప్పటిదాక ఆ రెండో మెట్టు అంచుకు పసుపు పెయింటు గీత కొట్టి, బయటి బల్బు మార్చు. నా సుత్తె, ఉలి వాకిట్ల పెట్టించిన. శనివారం రాత్రి వచ్చి తీస్కపో. మెట్లు బాగయ్యేదాక నేనైతే మీ ఇంటికి రాను.