పాతాళ సౌధం - అడగవలసిన ప్రశ్న

ఒక మహా కట్టడాన్ని చూసినప్పుడు, కట్టించిన ప్రభువుకన్న ముందు కట్టిన కూలివాణ్ణి తలుచుకోవాలని అభ్యుదయ సాహిత్యం తెలుగు పాఠకునికి నేర్పింది. శ్రీశ్రీ ‘దేశచరిత్రలు’ చదివినవాడు తాజమహలును మళ్ళీ వెనకటి కళ్ళతో చూడలేడు. ఈ చూపును అలవాటు చెయ్యటం మన సాహిత్యోద్యమం సాధించిన పెద్ద విజయాల్లో ఒకటి. అయితే దానిని మనం ఎంత దూరం తీసుకుపోయాం? చక్రవర్తి కట్టించిన సమాధి దగ్గర వేసిన ప్రశ్నను, కార్మికవర్గం పేర కట్టిన కట్టడం దగ్గర కూడా వేస్తామా? లేక అక్కడికి వచ్చేసరికి నోరు కట్టేసుకుంటామా?

ఇటువంటి విషయాన్ని గాలిలో చర్చించి లాభం లేదు. ఒక కట్టడాన్నే తీసుకుందాం. మాస్కో నగరంలో మయకోవ్‌స్కీ పేరు పెట్టిన మెట్రో స్టేషను ఒకటి వుంది. దానిని నేను ఫోటోల్లో తప్ప చూడలేదు. కాని దాని చరిత్ర మన ప్రశ్నకు సరిగ్గా ఎదురుగా నిలబడుతుంది.

మాస్కో మెట్రో మొదటి మార్గం 1935 మే 15న ప్రారంభమయింది. మయకోవ్‌స్కయా స్టేషనును 1938 సెప్టెంబరు 11న తెరిచారు. దాని వాస్తుశిల్పి అలెక్సీ దూష్కిన్. నేలకు 33 మీటర్ల లోతున, పైనున్న మట్టి భారమంతా లావుపాటి దిమ్మెలమీద కాకుండా సన్నని ఉక్కు స్తంభాలమీద నిలిచేటట్టు చేశారు. అంత లోతులో స్తంభాలమీద నిలిచిన స్టేషను ప్రపంచంలో అదే మొదటిది. స్తంభాలకు తొడిగిన స్టెయిన్‌లెస్ స్టీలు రేకులను గగన నౌకలు తయారుచేసే కర్మాగారంలో మలిచారు. పైకప్పులో అండాకారపు గూళ్ళు, వాటిలో డైనేకా రూపకల్పన చేసిన చిత్రాలు, రంగు గాజు పలుకులు పొదిగి చేసినవి. వాటి విషయం సోవియట్ ఆకాశంలో గడిచే ఒక పగలూ, ఒక రాత్రీ. విమానాలు, పారాచూట్లు, విరగకాసిన పళ్ళ కొమ్మలు. మొత్తం 35 చేస్తే 34 మిగిలాయి. ఈ స్టేషను నమూనాకు 1939లో న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనలో పెద్ద బహుమతి వచ్చింది.

పనికి పోయే మనిషి తల వంచుకుని పరుగెత్తే చోట, తల ఎత్తితే ఆకాశం కనిపించాలన్నది ఇందులోని ఆలోచన. దీనిని నేను నిస్సంకోచంగా గొప్ప ఆలోచన అంటాను. పేదవాని వాడకానికి కట్టే వాటిలో అందం దండగ ఖర్చు అన్నది పాలకవర్గాల పాత సిద్ధాంతం. మన ధర్మాసుపత్రుల గోడలూ, ప్రభుత్వ హాస్టళ్ళ వరండాలూ ఆ సిద్ధాంతానికి సాక్ష్యాలు. ఆ సిద్ధాంతాన్ని మయకోవ్‌స్కయా పాలరాతితో ఖండించింది. 1961 నుంచి 1991 దాకా 5 కోపెక్కులు వేస్తే చాలు, ఎవరైనా ఆ సౌధంలోకి దిగవచ్చు. జారు చక్రవర్తుల మందిరాల్లో కూలివానికి దొరకనిది అక్కడ దొరికింది.

ఇంతవరకు మనకు ఇష్టమైన కథ. ఇక రెండో పుట తిప్పాలి.

మెట్రో సొరంగాలు తవ్వినవారిలో ఉత్సాహంతో వచ్చిన యువజన సంఘ సభ్యులున్నారు; సామూహిక వ్యవసాయం పేర సాగిన నిర్బంధానికి పల్లె విడిచి వచ్చిన రైతులూ వున్నారు. 1932-33 కరువులో లక్షలాది మంది చచ్చిపోయారు. 1932 డిసెంబరులో దేశంలోపల తిరగటానికి పాస్‌పోర్టు పద్ధతి పెట్టి, సామూహిక క్షేత్రాల రైతుల్లో అత్యధికులకు ఆ పాస్‌పోర్టు లేకుండా చేశారు. అందరికీ ఆకాశం చూపించే ఆ స్టేషను నిర్మాణం ముగిసిన 1937-38 సంవత్సరాలలోనే సుమారు 6,80,000 మందికి మరణశిక్ష విధించారు. ఇది శత్రువుల అంకె అని తోసెయ్యటానికి వీల్లేదు. సోవియట్ భద్రతా శాఖ స్వయంగా రాసుకున్న లెక్క.

ఈ స్టేషను ద్వారాలలో ఒకటి చైకోవ్‌స్కీ సంగీతశాల భవనంలోనే వుంది. ఆ భవనాన్ని మొదట తలపెట్టింది సంగీతశాలగా కాదు, మేయెర్‌హోల్డ్ నాటకశాలగా. మయకోవ్‌స్కీ నాటకాలను రంగస్థలం ఎక్కించిన దర్శకుడు ఈయనే. 1938 జనవరిలో ఆయన నాటక సంస్థను మూసేశారు. అదే సెప్టెంబరులో కవి పేరుతో స్టేషను తెరిచారు. 1939 జూన్‌లో మేయెర్‌హోల్డ్‌ను అరెస్టు చేశారు. 1940 ఫిబ్రవరి 2న కాల్చి చంపారు. 1955లో ఆయన నిర్దోషి అన్నారు. చనిపోయిన కవికి భూగర్భంలో పట్టాభిషేకం జరుగుతుంటే, ఆ కవి నాటకాలు ఆడించినవానికి భూమిమీద చోటు లేకుండా పోయింది.

ఈ రెండు పుటలనూ కలిపి చదవటం ఎలా? మనవాళ్ళలో రెండు సమాధానాలు ప్రచారంలో వున్నాయి.

మొదటిది చారిత్రకావశ్యకత వాదం. వెనకబడిన దేశం, చుట్టూ శత్రువులు, ఆలస్యానికి వ్యవధి లేదు. ఒక తరం బాధపడితే తరువాతి తరాలు సుఖపడ్డాయి అంటారు. ఇందులో నిజం బొత్తిగా లేదనను. 1941లో జర్మను విమానాలు బాంబులు కురిపించినప్పుడు ఈ స్టేషన్లే మాస్కో ప్రజలకు తలదాచుకునే చోటయ్యాయి. ఆ నవంబరు 6న విప్లవ వార్షికోత్సవ సభను మయకోవ్‌స్కయాలోనే జరిపారు. కాని ఈ వాదంలో ఒక మోసం దాగి వుంది. నష్టపడినవాడు ఒకడు, లాభపడినవాడు మరొకడు. ఒకని ఖర్చును ఇంకొకని జమలో వేసి లెక్క సరిపోయిందనటం షావుకారు చేసే పని. ఆకలితో చచ్చిన రైతు ఆ రైలు ఎక్కలేదు. అతని పక్షాన ‘చెల్లు’ రాసి ఇచ్చే అధికారం మనకెవరిచ్చారు?

రెండోది తిరస్కార వాదం. నెత్తురు అంటిన పాలరాయి మనకొద్దు, ఆ అందమంతా బూటకం అంటారు. ఇది నిజాయితీగా కనిపిస్తుంది. కాని ఈ వాదం తెలియకుండానే స్టాలిన్‌కు పెద్ద కానుక సమర్పిస్తుంది. స్తంభాన్ని లెక్క కట్టిన ఇంజనీరు బుద్ధీ, రేకు మలిచిన కార్మికుని చెయ్యీ, గాజు పలుకులు పేర్చిన పనివాని కన్నూ, అన్నీ ఆయన సొత్తేనని ఒప్పుకుంటుంది. తాజమహలు షాజహానుది కాదని అన్న మనం మయకోవ్‌స్కయాను స్టాలిన్‌కు ఎలా రాసి ఇస్తాం?

అభ్యుదయ కవిత్వం పాఠం చెబుతూ ఈ చర్చ ఎత్తినప్పుడు మా తరగతిలో ఒక విద్యార్థిని అడిగింది: “వాళ్ళను అడిగివుంటే ఇష్టంగానే ఇచ్చేవాళ్ళేమో కదా మాస్టారూ?” బహుశా చాలామంది ఇచ్చేవారే. అసలు చిక్కు అక్కడే వుంది. ఆ గాజు చిత్రాలు తయారుచేసిన ఫ్రోలొవ్ సంగతే చూడండి. లెనిన్‌గ్రాడును నాజీలు ముట్టడించినప్పుడు ఆ చలిలో, ఆకలిలో మరో స్టేషను కోసం డైనేకా చిత్రాలనే పేరుస్తూ పోయాడు. 1942లో అక్కడే ప్రాణం విడిచాడు. చేసిన పనిని లదోగా సరస్సు మీదుగా బయటికి చేర్చారు. ఆయన ఇచ్చాడు. పాస్‌పోర్టు లేని రైతు దగ్గర తీసుకున్నారు. ఇద్దరూ ఆకలి పడినవారే. కాని ఒకనిది త్యాగం, రెండోవానిది అపహరణ. ‘కాదు’ అనే హక్కు వున్నవాడు ‘సరే’ అన్నప్పుడే దానిని త్యాగం అనాలి. ఆ హక్కు తీసేసిన ప్రభుత్వం, ఇష్టంగా ఇచ్చినవాని గౌరవాన్ని కూడా పాడుచేస్తుంది. ఎవరు ఇచ్చారో, ఎవరు దోపిడీకి గురయ్యారో పోల్చుకునే వీలు లేకుండా చేస్తుంది. స్వతంత్రమైన సంఘం, పత్రిక, న్యాయస్థానం బూర్జువా అలంకారాలని ఈసడించే మిత్రులు ఈ సంగతి ఆలోచించాలి. ఆ త్యాగానికి విలువ కట్టే తూనికరాళ్ళు అవే.

ఇది మాస్కోకే పరిమితమైన సంగతి అనుకోకూడదు. 2017 నవంబరులో మొదలైన హైదరాబాదు మెట్రో ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్య పద్ధతిలో కట్టినది. టికెట్ల రాబడితోపాటు మాళ్ళు కట్టి అద్దెలు తీసుకునే హక్కు కూడా ఆ ఒప్పందంలో భాగమే. సుల్తాన్‌బజారు వ్యాపారులు తమ బజారు పాడవుతుందని ఏళ్ళ తరబడి ఆందోళన చేశారు. 2020 ఫిబ్రవరి నుంచి ఆ దారినే రైళ్ళు నడుస్తున్నాయి. 2025 మేలో చార్జీలు పెంచారు. రెంటినీ ఒకే గాటన కట్టటం నా ఉద్దేశం కాదు. ఇక్కడ వ్యాపారి వీధిలోకి వచ్చి కేకవేశాడు. మాస్కోలో ఆ కేకకు తుపాకి జవాబు చెప్పేది. ఆ తేడా చిన్నది కాదు. అయినా వెయ్యవలసిన ప్రశ్నలు రెండు చోట్లా అవే. ఎవరిని అడిగి కట్టారు? కాదన్నవాని మాట ఎంతవరకు విన్నారు? స్తంభాలు లేపిన వలస కూలి రేపు అదే రైలు టికెట్టు కొనగలడా?

అందమైన స్టేషను అందరికీ కావాలి. ఆ కోరికను మనం వదులుకోనక్కరలేదు. దానికోసం మరొకని ప్రాణం ఖర్చు రాసి లెక్క మూసెయ్యటం మాత్రం మన పని కాదు. మయకోవ్‌స్కయా పైకప్పులోని ఆకాశాన్ని విద్యార్థులకు చూపించేటప్పుడు, ఆ మెట్లెక్కి బయటికి వస్తే కనిపించే భవనం మొదట ఎవరి నాటకశాల కావలసిందో కూడా చెప్పాలి. ఆ పాఠంలో ఈ రెండూ వుండాలి.