తెల్లగా రావాలన్నారు

పెళ్ళయిన ఏడాదికి ముప్పాళ్ళలో పుట్టింటికి వచ్చిన ఆ అమ్మాయి ఆల్బమ్ చంకన పెట్టుకుని నా దగ్గరికొచ్చింది. తలంబ్రాల పేజీ తీసి, ఫొటో పక్కన తన చెయ్యి ఆనించి, "ఇది నేను కాదు కదన్నా" అంది. కోపంగా అనలేదు. ఆమెది చామనఛాయ. ఫొటోలో ముఖం సున్నం కొట్టిన గోడలా ఉంది. వెనక తెర మీద కత్తిరించి అంటించినట్టు నల్లటి నీడ.

ఏం చేశానో నాకు తెలుసు. ముహూర్తం వేళ వాళ్ళ పెద్దమ్మ "కొంచెం తెల్లగా రానీ బాబూ" అంది. ఫ్లాష్ పవర్ పెంచి ఎదురుగా కొట్టాను. ఆ ఒక్కరోజే కాదు, ఏళ్ళ తరబడి అదే పని. మిరప చేలల్లో ఎండకు కాగిన ముఖాలన్నిటికీ ఒకే తెలుపు పూసి ఇచ్చాను. వాళ్ళడిగారు, నేనిచ్చాను అనుకున్నాను. కొడాక్ కంపెనీ 1950ల నుంచి ఒంటి రంగు సరిచూసుకోడానికి ల్యాబులకు పంపిన రంగుల నమూనా కార్డుల మీద చాలాకాలం తెల్లజాతి స్త్రీలే ఉండేవారని చదివినప్పుడు, తప్పు ఫిల్ముదేనని కాస్త ఊరట పడ్డాను కూడా. కానీ నా చేతిలో ఉన్నది డిజిటల్ కెమెరా. పవర్ పెంచిన వేలు నాది.

ఆమె వెళ్ళాక ట్రేసింగ్ పేపర్ ముక్కొకటి ఫ్లాష్ మీదే అంటించి చూశాను. వెలుగు తగ్గింది గానీ నీడ అంచు గీత గీసినట్టు అలాగే ఉంది. ఎందుకో మిరప కల్లంలో తెలిసింది. మిట్టమధ్యాహ్నం కాయల మీద నల్లగా పడ్డ నా నీడ, మబ్బు కమ్మేసరికి కరిగిపోయింది. సూర్యుడు అదే. ఇప్పుడు మబ్బంతా దీపం. మెత్తదనమంతా వెలుగు ఎంత వెడల్పు నుంచి, ఎంత దగ్గర నుంచి వస్తుందన్నదాన్ని బట్టే. మూడంగుళాల ఫ్లాష్ పదడుగుల దూరాన ఒక చుక్క.

తెల్ల పంచె వెదురు చట్రానికి బిగించి, ఫ్లాష్‌ను మూడడుగులు వెనక్కి జరిపాను, గుడ్డ నిండా వెలుగు పరుచుకునేలా. వెలుగు బాగా తగ్గింది, ఐఎస్ఓ 400 నుంచి 1600కు పెంచాల్సి వచ్చింది. తెల్ల స్లాబున్న ఇంట్లో ఫ్లాష్ పైకి తిప్పితే చాలు, పంచె కూడా అక్కర్లేదు. రంగుల షామియానా కింద అలా చేస్తే గుడ్డ రంగు ముఖాలకెక్కుతుంది.

పంచె ముందు మొదట మా అమ్మను కూర్చోబెట్టాను. నుదుటి మీద చెమట మెరుపు లేదు. చెంప మీద రంగు కంటి దగ్గర లేతగా మొదలై దవడ దగ్గర చిక్కబడింది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న ముఖం, నేను తీసిన ఏ ఫొటోలోనూ ఇలా లేదు.

ఆ అమ్మాయి ఆ రోజు వెళ్ళేముందు ఇంకో మాట కూడా అడిగింది, "సరిచేసి ఇస్తావా అన్నా" అని. పాత హార్డ్ డిస్క్ వెతికి ఫైలు తెరిచాను. వెలుగు తగ్గించుకుంటూ పోయాను. పట్టుచీర రంగు వచ్చింది, బాసికం ముత్యాలు వచ్చాయి. నుదురూ చెంపలూ మాత్రం తెలుపు పోయి బూడిద రంగు పలకలయ్యాయి. ఇంకాస్త తగ్గించాను. పలకలు ఇంకాస్త మసకబారాయి. ఆమె నా పక్కనే నిలబడి స్క్రీన్ వంక చూస్తోంది.