నమూనా దేనికి కట్టుబడాలి?



ఒక వస్తువును చూసి దానిలాంటిదే మరొకటి చేస్తున్నప్పుడు, ఆ రెండోది మొదటిదానికి దేనిలో కట్టుబడి ఉండాలి? రూపంలోనా, కొలతలోనా, చేసే పనిలోనా? మూడింటిలోనూ అని చప్పున జవాబు చెబుతాం. అది వీలుకానప్పుడు దేన్ని వదులుకోవచ్చు, దేన్ని వదులుకోకూడదు? ఇది తత్వశాస్త్ర గ్రంథాలకే పరిమితమైన ప్రశ్న కాదు. ఇంగ్లండులో ఆవిరి రైలింజన్ల నమూనాలు కట్టేవాళ్ళు దీన్ని చేతిలో ఆకురాయి పట్టుకుని ఎదుర్కొంటారు.

బ్రిటిష్ రైల్వే ప్రధాన మార్గాల మీద ఆవిరి ఇంజన్ల వాడకం 1968 ఆగస్టులో ముగిసింది. వాటి మీద మమకారం మాత్రం పోలేదు. విడిభాగాలుగా పెట్టెలో వచ్చే కిట్టును కొని, నెలల తరబడి బల్ల దగ్గర కూర్చుని ఇంజను కట్టుకునేవాళ్ళు అక్కడ నేటికీ ఉన్నారు. కిట్లలో రకాలున్నాయి. 1959లో కిట్‌మాస్టర్ పేరుతో వచ్చిన ప్లాస్టిక్ కిట్లను జిగురుతో అతికించుకునేవారు. అవి చూడటానికి ఇంజన్లే గాని వాటంతట అవి నడవవు. ఇంకో రకంలో పలుచని ఇత్తడి రేకుల మీద భాగాలు చెక్కి ఉంటాయి. వాటిని విడదీసి, మడిచి, టంకం వేసి, కరెంటు మోటారు అమర్చాలి. మూడో రకం నిజంగానే నీళ్ళు మరిగించి ఆవిరితో నడిచేది.

వీటిలో ఏది అసలైన ఇంజనుకు నమ్మకమైన ప్రతిరూపం? చూద్దాం.

అక్కడ బాగా వాడుకలో ఉన్న చిన్న స్కేలు పేరు ‘డబుల్ ఓ’. అసలు ఇంజనులో ఒక అడుగు, నమూనాలో 4 మిల్లీమీటర్లు. ఆ లెక్కన పట్టాల మధ్య దూరం 18.83 మిల్లీమీటర్లు ఉండాలి. కాని ఉన్నది 16.5 మాత్రమే. కారణం ఏమిటంటే, బ్రిటిష్ ఇంజన్లు ఆకారంలో చిన్నవి. పట్టాలకు సరిపడే స్కేలులో చేస్తే ఆనాటి మోటార్లు లోపల పట్టేవి కావు. అందుకని పట్టాలను అలాగే ఉంచి ఇంజనును కాస్త పెద్దది చేశారు. ఈ తేడా సహించలేనివాళ్ళు 1960లలో సరిగ్గా 18.83 మిల్లీమీటర్ల పద్ధతిని తెచ్చారు. అందులో చక్రం అంచు కూడా అసలు కొలతకు తగ్గట్టు సన్నగా ఉంటుంది కనుక పట్టాలు వేయడంలో కొంచెం అశ్రద్ధ చేసినా బండి పట్టాలు తప్పుతుంది. కొలతలో నిజాయితీ కావాలంటే అంత శ్రమ పడాలి.

ఆవిరితో నడిచే నమూనాలో చిక్కు మరో రకం. బాయిలరును పన్నెండో వంతుకు తగ్గిస్తే దాని ఉపరితలం 144వ వంతు అవుతుంది, లోపల పట్టే నీరు 1728వ వంతు అవుతుంది. ఉన్న కొద్దిపాటి నీటికి వేడి పోగొట్టుకునే ఉపరితలం ఎక్కువన్నమాట. పెద్ద బాయిలరులోని గొట్టాలన్నిటినీ అదే లెక్కన సన్నం చేస్తే వాటికి మసి పట్టి మంట సాగదు. అందుకే గొట్టాల సంఖ్య తగ్గించి లావు పెంచుతారు. ‘ఎల్.బి.ఎస్.సి.’ అనే పేరుతో రాసిన కర్లీ లారెన్స్ 1920లలో, సరిగ్గా రూపొందిస్తే బొగ్గుతో నడిచే చిన్న ఇంజను మనిషిని లాగగలదని వాదించి, చేసి చూపించాడు. బయట పోలిక నిలుపుకుంటూ, లోపల అసలు దానికి భిన్నంగా చేయడమే ఆయన కిటుకు.

అరిస్టాటిల్ ప్రతి వస్తువుకూ నాలుగు కారణాలు చెప్పాడు. దేనితో చేశారు, ఏ రూపంలో చేశారు, ఎవరు చేశారు, దేనికోసం చేశారు అన్నవి. కిట్టు పెట్టెలో మొదటి రెండూ దొరుకుతాయి, మూడోది కొన్నవాడి చేయి. నాలుగోది ఏ పెట్టెలోనూ రాదు. దాన్ని కొనేవాడే ముందుగా నిర్ణయించుకోవాలి. అద్దాల బీరువాలో పెట్టుకోవడానికా, పట్టాల మీద తిప్పడానికా, తోటలో పిల్లల్ని ఎక్కించి లాగడానికా? అది తేలితే ఏ మార్పు న్యాయమో, ఏది మోసమో తెలుస్తుంది. మనిషిని లాగాల్సిన ఇంజనులో గొట్టాలు లావు చేయడం మోసం కాదు, ఆ పనికి విధేయత. దాన్నే అచ్చమైన ప్రతిరూపమని చెప్పి అమ్మితే అది మోసం. నాలుగో కారణం తేల్చుకోనివాడి ఇంట్లో మూత తీయని పెట్టెలే పెరుగుతాయి.

ఇక కట్టడంలో కష్టమంతా పైకి కనపడని చోటే ఉంటుంది. ఇంజనుకు రెండు పక్కలా ఉండే క్రాంకులు ఒకదానికొకటి 90 డిగ్రీల తేడాలో ఉండాలి. ఒక పక్క పిస్టను చివరికి వచ్చి బలం చాలనప్పుడు రెండో పక్కది తోస్తుంది. ఆ కోణం అన్ని ఇరుసులకూ ఒకేలా లేకపోతే చక్రాలను కలిపే కడ్డీలు పట్టేస్తాయి. రంగు ఎంత బాగా వేసినా ఆ ఇంజను కుంటుతుంది. ఈ తప్పును చూసేవాళ్ళు కనిపెట్టలేకపోవచ్చు, పట్టాలు కనిపెడతాయి.

బాయిలరు విషయంలో పంతం ఇంకా పెద్దది, ఎందుకంటే అక్కడ ప్రాణాలున్నాయి. కొత్త బాయిలరును నిండా నీటితో నింపి, అది పనిచేసే పీడనానికి రెట్టింపు పీడనం ఇచ్చి పరీక్షిస్తారు. నీరు ఆవిరిలా వ్యాకోచించదు కనుక అతుకు ఊడినా పేలుడు ఉండదు, కారుతుంది అంతే. ఇంగ్లండులోని క్లబ్బుల్లో ఈ పరీక్ష వేరొక ఇన్‌స్పెక్టరు చేయాలి. ఎంత అనుభవం ఉన్నవాడైనా తన బాయిలరుకు తానే సర్టిఫికెట్టు ఇచ్చుకోకూడదు. తన చేతిపని మీద మనిషికి ఎంత మమకారం ఉంటుందో తెలిసినవాళ్ళు పెట్టిన నియమం ఇది.

మనం పెద్దల బాటలో నడవాలని అంటూ ఉంటాం. అదీ ఒక నమూనా కట్టడమే. తండ్రి కిరాణా కొట్టును నడిపే కొడుకు పాత త్రాసు తీసేసి కరెంటు కాటా పెట్టుకోవచ్చు, బోర్డు మార్చుకోవచ్చు, తండ్రిలా పంచె కట్టకపోవచ్చు. వీటివల్ల తండ్రికి ద్రోహం జరగదు. గోడకు తండ్రి ఫొటో పెట్టి, రోజూ దండ వేసి, తూకం తగ్గించాడనుకోండి, ఆ కొట్టులో తండ్రిది ఏదీ మిగలలేదు. ఆ తూకం సరిగ్గా ఉందని చెప్పాల్సింది కూడా అతను కాదు. కాటాకు ముద్ర వేసే అధికారి వేరే ఉన్నాడు, రోజూ సరుకు తీసుకెళ్ళి ఇంట్లో మళ్ళీ తూచుకునే ఇల్లాలు ఉంది.