చదివినది చాలునా?

ఫాల్గుణ చైత్రముల సంధికాలమున ఖమ్మము నుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా భద్రాచలమునకు వచ్చు యాత్రికునకు త్రోవ పొడవునను రెండు దృశ్యములు కానవచ్చును. ఒకటి, తెల్లవారుజామున అడవి అంచులలో రాలిన ఇప్పపూవును బుట్టలలోని కేరుకొను గిరిజన స్త్రీలు. రెండవది, బస్సు కొరకు వేచియున్న వేళను సైతము వృథాపుచ్చక పుస్తకము తెరచి పెదవులు కదపుచుండు బాలబాలికలు. రాములవారి కల్యాణము, పదవ తరగతి పరీక్షలు ఇంచుమించుగా ఒకే కాలమున వచ్చుట ఇందులకు కారణము. 2023లో మార్చి 30న శ్రీరామనవమి కాగా ఏప్రిల్ 3న పరీక్షలు ఆరంభమైనవి. 2025లో మార్చి 21న మొదలైన పరీక్షలు ముగిసిన వెంటనే ఏప్రిల్ 6న నవమి వచ్చినది.

అట్టి దినములలో ఒకనాడు స్వామి దర్శనము చేసికొని గోదావరి మెట్లపై కూర్చుండియుంటిని. దుమ్ముగూడెము ఆవలి కోయపల్లె నుండి వచ్చిన తల్లీకొడుకులు నా ప్రక్కన కూర్చుండిరి. బాలుడు ఆశ్రమ పాఠశాలలో పదవ తరగతి చదువుచున్నాడు. వారి యింట ఆ తరగతి వరకు వచ్చినవాడు ఇతడే మొదట. హాల్ టిక్కెట్టును స్వామి పాదముల చెంత పెట్టించుకొని వచ్చినారు. కొంత సేపటికి ఆ బాలుడు నన్నడిగెను.

"తాతా, పుస్తకం మొత్తం అయిదుసార్లు చదివిన. అయినా సరిపోయిందో లేదో తెలుస్తలేదు. ఇంకెన్నిసార్లు చదవాలె?"

నాకు వెంటనే బదులు తోచలేదు. అతని చేతిలోని విజ్ఞానశాస్త్ర పుస్తకమును తీసికొని మూసి, "ఆకు తన ఆహారాన్ని ఎట్లా చేసుకుంటుందో చెప్పు నాయనా" అంటిని. ఎండ, నీరు, గాలి అని చక్కగా ఆరంభించెను. "మరి ఆకు బయటికి విడిచే ఆక్సిజన్ దేనిలోనుంచి వస్తుంది?" అనగా ఆగిపోయెను. "తెలుసు తాతా, పుస్తకం చూస్తే గుర్తొస్తది" అనెను. అక్షరము రాని ఆ తల్లి నవ్వి, "చూస్తే ఎవరికైనా గుర్తొస్తది గదరా!" అనినది.

ఆ మాటలోనే సమస్య యంతయు ఉన్నది. చూచినపుడు గుర్తించుట వేరు, చూడనపుడు స్మరించుట వేరు. అయిదవసారి చదువునప్పుడు వాక్యములు పరిచితములై, నదిలో పడవవలె కన్ను సులువుగా సాగిపోవును. ఆ సులువునే మనము జ్ఞానమని భ్రమింతుము. 2006లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరమునందలి వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున రోడిగర్, కార్పికీ అను ఇరువురు పరిశోధకులు దీనిని పరీక్షించి చూచిరి. ఒక పాఠమును కొందరు విద్యార్థులు నాలుగు విడతలు చదివిరి. మరికొందరు ఒక విడత చదివి, మూడు విడతలు చూడకుండ జ్ఞాపకము చేసికొని వ్రాసిరి. అయిదు నిమిషముల పిమ్మట చదివినవారిదే పైచేయి. కాని వారము గడచిన పిమ్మట వారికి నూటికి నలువది పాళ్లు మాత్రమే మిగిలినది. జ్ఞాపకము చేసికొన్నవారికి అరువదియొక్క పాళ్లు మిగిలినది. మాకు బాగుగా గుర్తుండునని అధికముగా నమ్మినవారు మాత్రము మొదటివారే!

మన వేదాధ్యయన సంప్రదాయమున ఈ సంగతి ఎన్నడో గ్రహింపబడినది. గురువు చెప్పినదానిని శిష్యుడు విని పలుకును. గ్రంథమును చూచి కాదు. పదము, క్రమము, జట, ఘనము అని మాటలను ముందునకు వెనుకకు త్రిప్పి చెప్పించుటలో, కంఠమున నున్నదేదో లేనిదేదో దాగక బయటపడును.

పరీక్షల ముందు ఎన్నో గృహములలో సుందరకాండ పారాయణము జరుగును. కార్యసిద్ధి కొరకు పారాయణము చేయువారు, ఆ కాండములోనే ఈ బాలుని ప్రశ్నకు సమాధానమున్నదని గమనింతురో లేదో! లంకలో సీతాన్వేషణము చేయుచు హనుమంతుడు రావణాంతఃపురమున నిద్రించుచున్న మండోదరిని చూచెను. ఆమె సౌందర్యమును చూచి సీతయే అనుకొని ఆనందముతో గంతులు వేసెను. అంతటి బుద్ధిమంతుడు సైతము చూచిన మాత్రమున కార్యమైనదని భ్రమించెను. కాని ఆయన అక్కడ ఆగలేదు. రాముని ఎడబాసిన సీత ఇట్లు అలంకరించుకొని నిద్రించునా యని తన్ను తానే ప్రశ్నించుకొనెను. ప్రశ్నకు నిలువని నిశ్చయమును విడిచి మరల వెదకసాగెను. "చూస్తే గుర్తొస్తది" అనుట మండోదరిని చూచి గంతులు వేయుటయే. పుస్తకము మూసి ప్రశ్నించుకొనుట హనుమంతుని రెండవ ఆలోచన.

ఇది మొదటి ప్రమాదము. రెండవది దీనికి విరుద్ధమైనది. ఎంత చదివినను చాలలేదను భీతి. ఇదియు హనుమంతునకు కలిగినది. నాలుగంగుళముల చోటైనను విడువక వెదకితినని, అయినను సీత కానరాలేదని ఆయన క్రుంగిపోయెను. ప్రాణత్యాగము వరకు తలంపు పోయినది. అప్పుడాయన లంకనంతను మొదటినుండి మరల వెదకలేదు. వెదకిన చోట్లను లెక్కపెట్టుకొని, ఇంకను వెదకనిది అశోకవన మొక్కటి కలదని కనుగొని, శ్రీరామునకు నమస్కరించి అచ్చటికే పోయెను.

కావున చాలునా చాలదా అనుట ఎన్నిమార్లు చదివితిమను లెక్కచే తెలియదు. పుస్తకము మూసి, తెల్లకాగితముపై తెలిసినది వ్రాయవలెను. లేదా తమ్మునికో చెల్లెలికో చెప్పవలెను. ఎచ్చట ఆగిపోవుదుమో అదియే మన అశోకవనము. అచ్చటికే పోవలెను. రెండు దినములు విడిచి మరల అట్లే చేయవలెను. "ఇవి వచ్చును, ఇవి రావు" అని నిస్సంకోచముగా పేరు పెట్టి చెప్పగలిగి, రానివి కొలదియై, కొలదియైనను భీతి గొలుపని స్థితి వచ్చినపుడు చదివినది చాలును. అన్నియు వచ్చుట ఎవ్వరికిని లేదు. గీత చివర పదునెనిమిదవ అధ్యాయమున కృష్ణుడు అర్జునుని ఏకాగ్రముగా వింటివా, అజ్ఞానము తొలగెనా అని అడుగును. నాకు సర్వమును తెలిసినదని అర్జునుడు చెప్పలేదు. మోహము తొలగినదని, స్మృతి కలిగినదని, సందేహము విడిచి నిలిచితినని, చెప్పినట్లు చేయుదునని మాత్రమే చెప్పెను.

అటుపిమ్మట శరణాగతి. మర్కటకిశోరము తల్లిని తాను పట్టుకొనును. మార్జాలకిశోరమును తల్లియే నోట కరచుకొని పోవును. ఏది శ్రేష్ఠమని మన ఆచార్యులలో రెండు సంప్రదాయములు కలవు. కాని రెండింటిలో ఏ సంప్రదాయమును చదువవలసినది చదువక హాల్ టిక్కెట్టును మాత్రము స్వామికప్పగింపుమని చెప్పలేదు. చేయవలసినది చేసి ఫలమును ఆయనకు విడుచుటయే భక్తుని ధర్మము. విడిచితినని చెప్పి రాత్రియంతయు నిద్రలేక కుములుట విడుచుట కానేరదు.

తల్లిదండ్రులకు ఒక్క మాట. 2019 ఏప్రిల్‌లో ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన పిమ్మట తెలంగాణమున ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. ఆ పిల్లల హృదయములలో "చాలదు" అను మాట ఎంత గట్టిగా ధ్వనించెనో! హనుమంతుడు తన నిరాశలో, నశించుటయందు దోషములే అధికమనియు, బ్రతికియున్నవానికి భద్రము కలుగుననియు తలపోసి నిలద్రొక్కుకొనెను. ఆ భద్రశబ్దమే మన భద్రగిరి పేరున వెలుగుచున్నది. తప్పినవారికి అనుబంధ పరీక్ష కలదు. రెండవ మారు వ్రాయుట అవమానము కాదు. మార్కులు తగ్గిన బిడ్డపై స్వామి దయ తగ్గదు. ఇంటిలో మన దయయు తగ్గరాదు.

ఆ బాలుడు పుస్తకము తెరచి చూచుకొని మూసెను. ఎదుట పారుచున్న గోదావరిని చూపి, "నీళ్లలోనుంచి తాతా!" అనెను. తల్లి లేచి, "పోదాం పారా, బస్సు టైమైంది" అనినది. మెట్లెక్కుచు అతడు, పుస్తకము చంకన పెట్టుకొని, తరువాతి పాఠమును తల్లికి చెప్పుకొనుచు పోయెను.

శ్రీ సీతారామచంద్రార్పణమస్తు.