అనుమతి వాళ్లది, పని మనది

పార్వతీపురం నుంచి రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయపూర్ చేరే రైలుమార్గం 1931లో పూర్తయింది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి మనవాళ్లు ఆ దారినే పొట్ట చేతపట్టుకుని ఇటు రాయపూర్ వైపు వచ్చారు. ఖలాసీలుగా, ఫిట్టర్లుగా రైల్వేలో కుదురుకున్నారు. భిలాయిలో ఉక్కు కర్మాగారం లేచాక మరికొందరు వచ్చారు. ఊరు నచ్చి వచ్చినవాళ్లు కాదు, ఇక్కడి భాష వచ్చినవాళ్లూ కాదు. పని ఉందని వచ్చారు. అందుకే "ఇప్పటి పిల్లలు విదేశాలకు పోయేది చదువుకోసం కాదు, ఉద్యోగం కోసం" అని ఎవరైనా చులకనగా అంటే నా మనసు ఒప్పుకోదు. పని వెతుక్కుంటూ ఊరు వదలడం తప్పయితే రాయపూర్‌లో ఇన్ని తెలుగు ఇళ్లు ఉండేవే కావు.

కాకపోతే ఆ తరానికీ ఈ తరానికీ మధ్య వరస తిరగబడింది. అప్పుడు ముందు పని, తర్వాత ప్రయాణం. భిలాయి సంగతే చూడండి. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరాక మన యువ ఇంజనీర్లను అక్కడి ఉక్కు కర్మాగారాలకు శిక్షణకు పంపారు. తిరిగొచ్చి ఎక్కడ పనిచేయాలో వాళ్లకు తెలుసు. 1959 ఫిబ్రవరిలో భిలాయిలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. నేర్చుకున్నదానికి ఒక చోటు కాచుకుని ఉంది. ఇప్పుడు ముందు అప్పు, తర్వాత చదువు, ఆ తర్వాత కొన్నాళ్ల అనుమతి, ఆ గడువులోపల పని వెతుకులాట. చోటు ఎక్కడో, అసలు ఉందో లేదో, చివరిదాకా తెలియదు.

వ్యాగన్ రిపేర్ షాపులో పనిచేసే ఒకాయన మొన్నామధ్య కొడుకుని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. కుర్రాడు ఇక్కడే మెటలర్జీ చదివాడు. ఫోన్‌లో ఒక పట్టిక తెరిచి నా ముందు పెట్టాడు. "చదువయ్యాక పని అనుమతి కెనడాలో మూడేళ్లదాకా ఇస్తారు మాస్టారూ. ఇంగ్లాండులో రెండేళ్లు, జర్మనీలో ఏడాదిన్నర. అమెరికాలో ఓపీటీ ఏడాది, మన సబ్జెక్టుకి ఇంకో రెండేళ్లు." తండ్రి అంతా విని, "ఆ మూడేళ్లూ అయిపోయాకేటి బాబూ?" అన్నాడు. కుర్రాడు పట్టికను పైకీ కిందికీ జరిపాడు. అందులో ఆ గడి లేదు. ఏం చదువుదామనుకుంటున్నావని అడిగితే, ఎక్కడ సీటొస్తే అక్కడ డేటా అనలిటిక్స్ అన్నాడు. నాలుగేళ్లు చదివిన ఉక్కు గురించి ఒక్క మాట రాలేదు.

ఆ పట్టిక తప్పని నేననను. కానీ అది ఇవాళ్టి పట్టిక. మనం ఇవాళ్టి నిబంధన చూసి అప్పు చేస్తాం, రేపటి నిబంధన కింద బతుకుతాం. బ్రిటన్ 2012 ఏప్రిల్‌లో చదువు తర్వాత పనిచేసే వీసాను మూసేసింది. 2021 జూలైలో గ్రాడ్యుయేట్ రూట్ పేరుతో మళ్లీ తెరిచింది. ఇప్పుడు ఆ రెండేళ్లనూ 2027 నుంచి పద్దెనిమిది నెలలకు కుదించింది. కెనడా 2024 జనవరిలో విద్యార్థుల అనుమతులపై పరిమితి పెట్టింది. అదే ఏడాది నవంబరు నుంచి కొన్ని రకాల కాలేజీ కోర్సులు చదివినవాళ్లకు పని అనుమతే లేకుండా చేసింది. అమెరికా హెచ్1బీ ఉద్యోగ వీసాకు ఏటా 85 వేల పరిమితి ఎప్పటినుంచో ఉంది. 2025 సెప్టెంబరులో, దేశం బయట ఉన్నవాళ్ల కోసం వేసే కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము వచ్చిపడింది. ఆ దేశాలను నేను తప్పుపట్టను. వాళ్ల ఇంటి తలుపు ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో వాళ్ల ఇష్టం. నా బాధంతా, అవతలివాళ్ల చేతిలో ఉన్నదాన్ని మన పిల్లల జీవితానికి పునాదిగా వేస్తున్నామనే.

అనుమతి ఉన్నా అది స్వేచ్ఛ కాదు. ఓపీటీ మొదలయ్యాక మొదటి ఏడాదిలో ఉద్యోగం లేని రోజులు మొత్తం 90 దాటకూడదు. అలా రోజులు లెక్కపెట్టుకుంటూ వెతికేవాడు తనకు తగిన పని కోసం ఆగగలడా? ఏది దొరికితే దానికి తలవంచుతాడు. పని కోసమే అంత దూరం పోయినవాడికి పనిని ఎంచుకునే వీలే లేకపోవడం నన్ను అన్నిటికన్నా కలచివేసే విషయం.

చదువును పూర్తిగా పక్కనపెట్టి అనుమతినే కొనుక్కుంటే ఏమవుతుందో తెలుగువాళ్లకు తెలియనిది కాదు. 2011లో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీపై దాడి జరిగినప్పుడు మన పిల్లల కాళ్లకు రేడియో ట్యాగులు తగిలించారు. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారం బయటపడింది. వల వేయడానికి దాన్ని నడిపింది అమెరికా ప్రభుత్వ అధికారులే. తరగతులు లేవు, పాఠం చెప్పేవాళ్లు లేరు, పని అనుమతి మాత్రం చేతికిచ్చారు. అరెస్టయినవాళ్లలో ఎక్కువమంది తెలుగు విద్యార్థులు. వల పన్నినవాళ్లదే పెద్ద తప్పని నేను గట్టిగా నమ్ముతాను. అయినా, పాఠాలు లేని విశ్వవిద్యాలయంలో ఏదో లోపం ఉందని అన్ని వందలమందికి తోచకపోవడానికి మనమూ బాధ్యులమే. వీసా వచ్చిందా అని అడిగాం. ఏం నేర్చుకుంటున్నావని అడగలేదు.

ఆ కుర్రాడితో కూర్చుని నేను చేసింది ఒక లెక్క. నలభై లక్షల అప్పు, పదిన్నర శాతం వడ్డీ, పదేళ్ల గడువు అంటే నెలకు దాదాపు 54 వేల కిస్తీ. చదువుకునే కాలంలో పెరిగిన వడ్డీ దీనికి అదనం. ఇక్కడి సిల్తరాలోనో ఉర్లాలోనో ఉన్న ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన ఇంజనీరు ఆ కిస్తీ కట్టగలడా? కట్టలేడు. అంటే ఈ అప్పుతో వెళ్తే వెనక్కి వచ్చే దారి లేదు. వెనక్కి రాలేని చోటుకు బలవంతుడు కూడా బలహీనుడిగానే వెళ్తాడు. ఇక్కడి జీతంతో ఎంత కష్టపడైనా తీర్చగలిగిన అప్పుతో వెళ్లినవాడికి, నచ్చని పనిని కాదనే ధైర్యం ఉంటుంది. రాయపూర్ జీతమే కొలబద్ద కావాలంటాను నేను. అమెరికా జీతంతో లెక్క వేసుకునే అలవాటు మానుకోవాలి.

దేశం తర్వాత ఆలోచిద్దాం, ముందు నీ పనేదో చెప్పమన్నాను. కాసేపు తటపటాయించి, ఇంటర్న్‌షిప్‌లో స్పాంజ్ ఐరన్ బట్టీ దగ్గర నిలబడ్డ రోజుల గురించి చెప్పడం మొదలుపెట్టాడు. ఆ వేడి, ఆ బూడిద, బొగ్గు లేకుండా ఇనుము తీయొచ్చా అని అక్కడి షిఫ్ట్ ఇంజనీరుతో వాదించిన సంగతి. పట్టిక చూపించినప్పుడు లేని వెలుగు అప్పుడు ఆ ముఖంలో కనిపించింది. హైడ్రోజన్‌తో ఉక్కు తయారుచేసే ప్రయోగాలు జర్మనీలో, స్వీడన్‌లో సాగుతున్నాయి. జర్మనీలోని ఆకెన్ విశ్వవిద్యాలయం మెటలర్జీకి పేరున్నది. జర్మనీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావాటిలో ట్యూషన్ ఫీజు ఉండదు. ఖర్చులకని ఏడాదికి 11,904 యూరోలు, అంటే పన్నెండు లక్షలకు అటూ ఇటూ, ముందుగా బ్లాక్డ్ అకౌంట్ అనే ప్రత్యేక ఖాతాలో వేసి చూపించాలి. జర్మన్ భాష నేర్చుకోకుండా అక్కడ ఉద్యోగం దొరకడం కష్టం. పద్దెనిమిది నెలల అనుమతి ఆ పట్టికలో అడుగున ఉంది నిజమే. కానీ అక్కడ నేర్చుకున్నది రాయపూర్‌లో పనికొస్తుంది, భిలాయిలో పనికొస్తుంది, విశాఖ ఉక్కులో పనికొస్తుంది. గడువు ముగిసినా ఆ చదువు చెల్లుతుంది.

అందరికీ జర్మనీయే మంచిదని నేను చెప్పడం లేదు. ఒక నర్సుకు, ఒక కంప్యూటర్ ఇంజనీరుకు, ఒక వ్యవసాయ పట్టభద్రుడికి జవాబు వేరేగా ఉంటుంది. ప్రశ్న మాత్రం ఒక్కటే ఉండాలి: ముందు నీ పనేది?

అడ్మిషన్ లెటర్ వచ్చిన ఇంట్లో ఎవరైనా ఇది చదువుతుంటే నాదొక్క మనవి. బ్యాంకులో సంతకం పెట్టేముందు ఆ కోర్సులో చెప్పే పాఠాల జాబితా మీ పిల్లలచేత చదివించుకుని వినండి. మీకు అర్థం కాకపోయినా ఫరవాలేదు. వాళ్లు దాన్ని ఇష్టంగా చదువుతున్నారో లేదో మీకు తెలిసిపోతుంది. లేదనిపిస్తే ఆ సంతకం ఒక ఏడాది వాయిదా వేయండి.