మద్దెల కట్టువాడు



రోలు పోయి మద్దెలతో మొఱపెట్టుకొనిన సామెత ఎల్లరెఱిగినదే. రోటికి ఒకవైపే దెబ్బ, మద్దెలకు రెండువైపుల దెబ్బ. ఆ మద్దెలను కట్టినవాడు ఎవరితో మొఱపెట్టుకొనవలెనో సామెత చెప్పలేదు.

చోడవరము విశాఖపట్టణపు జిల్లాలో నుండి 2022లో అనకాపల్లి జిల్లాలో చేరినది. అచటి స్వయంభూ విఘ్నేశ్వరుడు ప్రసిద్ధుడు. ఆ యూరినుండి మాడుగుల దాటి పాడేరు కొండలెక్కువారికి పనసచెట్లు విరివిగా కానవచ్చును. పండును మెచ్చనివారరుదు, మృదంగమునకు ముఖ్యమైన కలప ఆ మ్రానిదే యని తలచువారు మఱియు నరుదు.

మొద్దును లోపల తొలిచి నడుమ ఉబ్బుగా, కుడికొన సన్నముగా, ఎడమకొన వెడల్పుగా చెక్కుదురు. పాడువారి శ్రుతిని బట్టి కొలత మాఱును. హెచ్చు శ్రుతికి సుమారు 22 అంగుళములది, తగ్గు శ్రుతికి 24 అంగుళములది కావలెను. కనుక ఒకరికై కట్టినది వేఱొకరికి అమరుట కష్టము.

ఇంతవఱకు వడ్రంగము. పిమ్మటిది తోలుపని, అసలు కష్టమంతయు నిందే యున్నది. కుడిమూతకు ఆవుతోలును మేకతోలును పొరలుగా నమర్చి నడుమ నల్లని కరణి పెట్టుదురు. రాతిపొడిని అన్నముతో మెదిపి పలుచగా ఒక పూత పూసి, నునుపు రాతితో రుద్ది, ఆఱిన పిదప మఱియొక పూత పూయవలెను. తొందరపడినచో పెచ్చులూడును. ఎడమమూతకు వాయించు వేళ తడిపిన రవ్వ అద్దిన చాలును. మూతలను బిగించు గేదెతోలు వార్లను లాగి లాగి అరచేతులు కాయలు గాచును.

టి. ఎం. కృష్ణ 2020లో వెలువరించిన ‘సెబాస్టియన్ అండ్ సన్స్’ అను గ్రంథము ఇట్టి పనివారిని గూర్చినదే. వాద్యము వేదిక నెక్కినది కాని కట్టినవాని పేరు ఎక్కలేదు.

కల్యాణమున నిట్లు జరుగలేదు. తోళ్లు ఊనిన డోహర కక్కయ్య, చెప్పులు కుట్టిన హరళయ్య శరణులలో శరణులై యుండిరి. హరళయ్య కుమారునికి బ్రాహ్మణుడగు మధువరసు కూతునిచ్చి పెండ్లి చేసినందులకు బిజ్జలుడు ఆ తండ్రుల నిరువురను చంపించెనని మన పెద్దలు చెప్పుచున్నారు. అంత నెత్తురు చిందిన పిదపగూడ, నాగలిని మగ్గమును కాయకమని కొనియాడు నోళ్లు తోలు నానబెట్టు తొట్టి యొద్ద కొంచెము తడబడుచునే యున్నవి. తోలు మైల యనువారు కలరు. ఆ తోలుపై చేయి వేసి పంచాక్షరీభజన సాగించునప్పుడు ఆ మైల ఎచటికి పోయినదో వారే సెలవియ్యవలెను!

శివరాత్రి జాగరణకు ముందు మఠముల మద్దెలలకు మూతలు మార్పింతురు. పనివాడు వచ్చినప్పుడు అరుగు క్రింద నిలిపి, కూలి చేతిలో జాఱవిడిచి పంపుట కొన్నిచోట్ల నేటికిని గలదు. అతనిని లోనికి పిలిచి, పాడువారి ప్రక్కన కూర్చుండబెట్టి, విభూతి యిచ్చి, శ్రుతి చూడుమనవలెను. వారి గొంతు వినకుండ అతడు మూత నెట్లు బిగించును?