మాట పోయినవారి సంగతులు ఎవరివి?



మన పెద్దవారికి పక్షవాతము వచ్చి, ఆసుపత్రిలో ప్రాణము నిలిచిన తరువాత, ఇంటివద్ద చూచుకొనువారు లేక నర్సులుండు వృద్ధుల నిలయమునకు చేర్చుట ఇప్పుడు మన పట్టణములలో సాధారణమైనది. రోగితో కూడ ఆయన సంగతులు ఎన్ని వెళ్లవలెను? ఎవరి చేతికి వెళ్లవలెను? ఇది కాగితముల పని వలె కనబడును గాని నిజమునకు ఇది ధర్మమునకు సంబంధించిన ప్రశ్న.

మా పెద్దమ్మ సంగతి చెప్పెదను. ఆమె నలువది ఏండ్లు బెంగుళూరులో కాపురము చేసి కన్నడము చక్కగా మాట్లాడినది. పక్షవాతముతో కుడి చేయి, కుడి కాలు, మాట పడిపోయినవి. ఒక శనివారము సాయంకాలము ఆమెను ఆసుపత్రి నుండి నిలయమునకు మార్చిరి. డిశ్చార్జి కాగితములో మందుల పేర్లు, బి.పి. లెక్కలు ఉన్నవి. ఆ రాత్రి అక్కడి ఆయా ప్రేమతోనే గ్లాసెడు కాఫీ త్రాగించినది. పెద్దమ్మకు పొలమారినది. మూడవ దినమున న్యుమోనియాతో తిరిగి ఆసుపత్రికే వచ్చినది.

పలుచని ద్రవములు ఇవ్వరాదనియు, చిక్కగా చేసి చెంచాతో, కూర్చుండబెట్టి ఇవ్వవలెననియు ఆసుపత్రి నర్సు మా అన్నయ్యకు నోటితో చెప్పియుండెను. కాగితములో వ్రాసియుందురని అన్నయ్య అనుకొనెను. ఇంటివారు చెప్పుదురని ఆసుపత్రివారు అనుకొనిరి. అందరికీ తెలిసిన సంగతి అవసరమైన ఒక్కరికి తెలియలేదు.

పక్షవాతము వచ్చినవారిలో అనేకులకు మ్రింగుట కష్టమగును. త్రాగిన నీరు ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. పడిపోయిన చేతిని పట్టి లాగిన యెడల భుజము దెబ్బతినును. కొందరికి ఒక ప్రక్క ఉన్నవి కనబడవు. పళ్లెములో సగము అన్నము మిగిలిన, ఆకలి లేదని ఇతరులు అనుకొందురు. రెండు భాషలు తెలిసినవారికి రెండును ఒకే కొలతగా తిరిగి రాకపోవచ్చును. పెద్దమ్మకు మిగిలినవి కొన్ని తెలుగు మాటలే. ఆయా కన్నడములో అడిగిన ప్రతిదానికి ఆమె తల ఊపెడిది. ఆ ఊపు “అవును” కాదని ఆయాకు ఎవరు చెప్పిరి? ఇట్టి సంగతులు దాచుట గోప్యత కాదు, అశ్రద్ధ. భారత వైద్య మండలి 2002 నియమముల ప్రకారము రోగి గాని, ఆయన తరపువారు గాని అడిగిన 72 గంటలలో వైద్య రికార్డులు ఇవ్వవలెను. కావున అడుగుటకు సంకోచించవద్దు. రోగి కదలక ముందే అడుగుడి.

అయితే దీనికి రెండవ వైపు కలదు. ఆ భయముతో అన్నయ్య ఈసారి అంతయు వ్రాసి ఇచ్చెను. పడుచుతనములో ఆమె మానసిక వ్యాధికి చికిత్స పొందిన సంగతి, ఇంటి ఆస్తి తగవు కూడ అందులో ఉన్నవి. ఆ కాగితము మంచము ప్రక్కన వ్రేలాడుచుండెను. చూడవచ్చినవారు చదివిరి. మరుసటి ఆదివారము మంచి మనస్సుతోనే ఒకరు ప్రార్థన మనవిగా ఆ పాత వ్యాధిని సంఘములో చెప్పిరి. ఈ సంగతి తన మంచము దగ్గర మాట్లాడుకొనుట విని పెద్దమ్మ గోడవైపు ముఖము త్రిప్పుకొనెను. మాట పోయినది గాని అర్థము చేసికొనుట పోలేదు.

మాట లేనివారికి మరుగు అక్కరలేదని మనము ఎట్లు అనుకొంటిమి? ఆ సంగతులు అన్నయ్యవి కావు, సంఘమువి కావు, ఆమెవి. మనము మోయువారము మాత్రమే.

నాకు తోచిన కొలత ఇది: ఈ సంగతి తెలియనందువలన ఎవరి చేయి తప్పు చేయును? మ్రింగుట, లేపుట, భాష ఆయాకు తెలియవలెను. పాత వ్యాధులు, మందులు వైద్యునికి తెలిసిన చాలును. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమును అట్టి చికిత్స గోప్యమనియే చెప్పుచున్నది. ఆస్తి తగవు ఎవరికిని అక్కరలేదు. సంఘమునకు “పెద్దమ్మ బలహీనముగా ఉన్నది, చూడరండి” అను మాట చాలును.

అన్నిటికంటె ముందు, ఆమెనే అడుగవలెను. కాగితము చూపి, తెలుగులో నెమ్మదిగా, ఒక్కొక్క సంగతి. ఇప్పుడు అన్నయ్య అట్లే చేయుచున్నాడు. ఇష్టమైన చోట ఆమె ఎడమచేతి వ్రేలు ఉంచును. ఇష్టము లేని చోట కాగితమును త్రోసివేయును.